చిన్న పడవలో గ్రీసు తీరం వెంట: కోర్ఫు నుంచి ఏథెన్స్ వైపు వెళ్లాలనుకునేవాళ్లు అడిగే ప్రశ్నలు

మా ఫొటోలు చూసి ఫోన్ చేసేవాళ్లు ముందు ఖర్చెంతయిందని అడుగుతారు, ఆ తర్వాత భయం వెయ్యలేదా అంటారు. ఆ రెండింటి మధ్య ఉండే అసలు ప్రశ్నలన్నీ వారం రోజుల తర్వాత, రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ఒక్కొక్కటే వస్తాయి. అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే నయమనిపించింది. ఇక్కడ చెప్పేదంతా 34 అడుగుల తెరచాప పడవలో, నలుగురు మనుషులతో, తీరం కనుచూపు దాటకుండా చేసే ప్రయాణం గురించి. మహాసముద్రాలు దాటే సంగతి నాకు తెలియదు.

మధ్యధరా చుట్టూ ఇన్ని దేశాలుంటే గ్రీసే ఎందుకు? అందులోనూ పడమటి తీరమే ఎందుకు?

గాలి వల్ల. గ్రీసుకు తూర్పున ఏజియన్, పడమట అయోనియన్ సముద్రం. పోస్టర్ల మీద కనిపించే తెల్లటి ఇళ్లు, నీలం గుమ్మటాలు ఏజియన్ వైపువి. జూలై, ఆగస్టుల్లో అక్కడ మెల్టెమి అనే ఉత్తరపు గాలి లేస్తుంది. ఆకాశంలో మబ్బు తునక ఉండదు, ఎండ పేలిపోతూ ఉంటుంది, గాలి మాత్రం గాలి బలాన్ని అంకెల్లో చెప్పే బ్యూఫోర్ట్ స్కేలు మీద 6, 7 దాకా పోతుంది. ఒక్కోసారి నాలుగైదు రోజులు తెరిపి ఇవ్వదు. కొత్తవాళ్లకు అది తగని చోటు.

అయోనియన్‌లో వేసవి గాలి పేరు మాయిస్త్రో. వాయవ్యం నుంచి వస్తుంది, పద్ధతి తెలిసిన గాలి. పొద్దున సముద్రం అద్దంలా ఉంటుంది. పన్నెండు, ఒంటిగంట ప్రాంతంలో మొదలై నాలుగు, అయిదు గంటలకు బలం పుంజుకుని, పొద్దుగూకేసరికి సర్దుకుంటుంది. మామూలుగా 3 నుంచి 5 మధ్య ఉంటుంది. 4 అంటే 11 నుంచి 16 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, దాదాపు 1.85 కిలోమీటర్లు), 5 అంటే 17 నుంచి 21. తెరచాపకు ఇంతకంటే మంచి గాలి అక్కర్లేదు. ఉత్తరాన ఉన్న కోర్ఫు దీవిలో బయల్దేరి దక్షిణానికి దిగితే ఆ గాలి వెనకనుంచో వాలుగానో తోస్తుంది. మా ప్లాను మొత్తం ఈ ఒక్క లెక్క మీదే వేశాం: గాలివాటున పోవాలి.

ఇంకో సౌకర్యం, ఇక్కడ ఆటుపోట్ల బెడద లేదు. కాకినాడలోనో విశాఖలోనో పాటుకీ పోటుకీ తేడా మీటరు దాటుతుంది. ఇక్కడ చాలా చోట్ల జానెడు, మూరెడు. సాయంత్రం కట్టిన మోకు పొద్దుటికీ దాదాపు అంతే బిగువుతో ఉంటుంది.

ఏ నెలలో వెళ్లాలి?

మే మూడో వారం నుంచి జూన్ ఆఖరు దాకా, లేదంటే సెప్టెంబర్ మొదటి సగం. మే మొదట్లో నీళ్లు చల్లగా ఉంటాయి, దూకితే ఊపిరి ఆగినంత పనవుతుంది. ఆగస్టులో ఇటలీ అంతా సెలవుల మీద ఇక్కడికే వస్తుంది, సాయంత్రం నాలుగు దాటితే రేవులో చోటు దొరకదు. సెప్టెంబర్ సగం దాటాక ఉరుముల వానలు మొదలవుతాయి. అద్దె తగ్గుతుందని అక్టోబర్ ఎంచుకునేవాళ్లున్నారు. పడవల మీద అనుభవం ఉంటే సరే, మొదటిసారికి మాత్రం నేను వద్దనే అంటాను.

నాకు పడవ నడపడం రాదు. ఎక్కడ నేర్చుకోవాలి, లైసెన్సు కావాలా?

కావాలి. కెప్టెన్ లేకుండా పడవ అద్దెకు తీసుకోవాలంటే గ్రీసులో నడిపే మనిషికి గుర్తింపు ఉన్న సర్టిఫికెట్ ఉండాలి, తోడుగా అనుభవం ఉన్న రెండో మనిషి కూడా ఉండాలి. ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లు ఆర్‌వైఏ (అక్కడి పడవల సంఘం) వారి డే స్కిప్పర్ కోర్సు చేసి, దాని మీద ఐసీసీ అనే అంతర్జాతీయ సర్టిఫికెట్ తీసుకుంటారు. అమెరికాలో ఉన్నవాళ్లు ఏఎస్ఏ (అక్కడి తెరచాప పడవల సంఘం) కోర్సులు చేసి ఐపీసీ అనే అలాంటి సర్టిఫికెటే తెచ్చుకుంటారు. ఏ కాగితం చెల్లుతుందో డబ్బు కట్టకముందే పడవ కంపెనీని ఈమెయిల్‌లో అడగండి. జవాబు కూడా ఈమెయిల్‌లోనే రావాలి, ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. పడవలో ఉండే రేడియో వాడటానికి వేరే చిన్న కోర్సు ఉంటుంది, అదీ చేసేయండి.

నేను ఓనమాలు దిద్దుకున్నది హుస్సేన్‌సాగర్‌లో. అక్కడ తెరచాప పడవల క్లబ్బులున్నాయి, వానాకాలంలో రెగట్టాలు, అంటే పడవ పందేలు, జరుగుతాయి. ఒక మనిషి పట్టే లేజర్ పడవలో నాలుగు నెలలు తిరిగితే గాలి ఎటునుంచి వస్తుందో చెవులకే తెలిసిపోతుంది. పెద్ద పడవ మీద నేరుగా మొదలుపెట్టినవాళ్లకు ఈ పట్టు దొరకడానికి చాలా కాలం పడుతుంది. బుద్ధుడి విగ్రహం చుట్టూ గాలి ఎలా విరిగి సుళ్లు తిరుగుతుందో గమనించినవాళ్లకు, అయోనియన్‌లో ఇథాకా దీవి కొండల మీంచి దిగే ఈదురుగాలి కొత్తగా అనిపించదు.

ఇవేవీ వద్దనుకుంటే స్కిప్పర్‌ను జీతానికి పెట్టుకోవచ్చు. అందులో నామోషీ ఏం లేదు. వారం రోజులు అతని పక్కన చేరి ప్రశ్నలడిగితే కోర్సు ఫీజులో సగం అక్కడే వసూలవుతుంది. అతనికి ఒక పడక, మూడు పూటలా భోజనం మీరే చూసుకోవాలని మాత్రం మర్చిపోకండి.

వీసా సంగతి?

భారత పాస్‌పోర్టు ఉంటే షెంజెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఉమ్మడి వీసా) తప్పదు. గ్రీన్‌కార్డు ఉన్నా, ఇంగ్లండ్‌లో వర్క్ వీసా మీద ఉన్నా సరే. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. అమెరికా, బ్రిటన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు వీసా అక్కర్లేకపోయినా ఈ 90 రోజుల లెక్క వర్తిస్తుంది.

పడవ మీద వెళ్లేవాళ్లు పప్పులో కాలేసేది ఒక్కచోట. కోర్ఫులో నిలబడితే ఎదురుగా కనిపించే కొండలు అల్బేనియావి. "ఇంత దగ్గర కదా, ఒక పూట సరాండా వెళ్లొద్దాం" అనిపిస్తుంది. అల్బేనియా షెంజెన్‌లో లేదు. మీది సింగిల్ ఎంట్రీ వీసా అయితే అటు వెళ్లాక తిరిగి గ్రీసులోకి రావడానికి వీల్లేదు. తూర్పున టర్కీతోనూ ఇదే చిక్కు. క్రొయేషియా 2023 జనవరి నుంచి షెంజెన్‌లోనే ఉంది కాబట్టి అటు ఇబ్బంది లేదు. దరఖాస్తులో మల్టిపుల్ ఎంట్రీ అడగండి, రోజూ ఏ రేవులో ఉంటారో రాసిన పట్టిక జత చేయండి. హోటల్ బుకింగ్ స్థానంలో పడవ అద్దె ఒప్పందం చూపించాలి. అందులో ప్రయాణించే అందరి పేర్లూ ఉండాలి.

దారి ఎలా వేసుకున్నారు?

కోర్ఫు దగ్గర గువియా మెరీనా (అన్ని సౌకర్యాలూ ఉన్న పడవల రేవు) నుంచి ఏథెన్స్ ముందున్న ఏజినా దీవి దాకా సుమారు 250 నాటికల్ మైళ్లు. మూడు వారాలు పెట్టుకున్నాం.

మొదటి అంగ పాక్సోస్ దీవి, 30 మైళ్లకు కాస్త అటూ ఇటూ. కొత్తవాళ్లకు మొదటి రోజే ఇంత దూరం ఎక్కువ. మేం కోర్ఫు దక్షిణ కొసన ఒక రాత్రి ఆగి రెండు ముక్కలు చేసుకున్నాం. పాక్సోస్‌లో లాకా అనే గుండ్రటి ఖాతం ఉంది. అడుగున తెల్లటి ఇసుక, పడవ నీడ నేల మీద పడినట్టు కనిపిస్తుంది. అక్కడనుంచి ఎదురు ఒడ్డున పార్గా, ఆ తర్వాత ప్రెవెజా. ప్రెవెజా ముందున్న నీళ్లలోనే క్రీస్తుపూర్వం 31లో ఆక్టియం యుద్ధం జరిగింది, ఆంటోనీ, క్లియోపాత్రల ఓడలు ఓడిపోయింది ఇక్కడే. ఇప్పుడు ఆ ఒడ్డున వరసగా పడవల వర్క్‌షాపులు, క్రేన్లు.

ప్రెవెజాకు ఏడెనిమిది మైళ్ల దూరంలో లెఫ్కాదా కాలువ. దాని మూతి దగ్గర తేలే వంతెన ఒకటి ఉంది. పగటిపూట సాధారణంగా గంటకోసారి, గంట కొట్టే వేళకు జరిగి దారిస్తుంది. లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర లారీలు ఆగినట్టు పడవలన్నీ గుమిగూడి గుండ్రంగా తిరుగుతుంటాయి. ఆ అయిదు నిమిషాలు గాలి, పక్క పడవ, లోతు మూడూ ఒకేసారి చూసుకోవాలి. మా ప్రయాణంలో నాకు బాగా టెన్షన్ పెట్టింది సముద్రం కాదు, ఈ వంతెనే.

కాలువ దాటితే అసలైన అయోనియన్ విడిదులు. మెగనీసి, కెఫలోనియాలో ఫిస్కార్దో, ఇథాకాలో కియోని, వాతీ. ఒకదాని నుంచి ఇంకోదానికి పది, పదిహేను మైళ్లు. 1953 భూకంపంలో కెఫలోనియా దాదాపు నేలమట్టమైనా ఫిస్కార్దో మాత్రం నిలబడింది. పాత ఇళ్లు ఇంకా ఉన్నది అందుకే. మీ దగ్గర వారమే ఉంటే ఏథెన్స్ ఊసెత్తకుండా ఈ దీవుల చుట్టూనే తిరిగి రండి. నిజం చెప్పాలంటే ఈ ప్రయాణంలో మంచి భాగం కూడా ఇదే.

ఇథాకా నుంచి తూర్పుకు తిరిగితే మెసొలొంగి. ఉప్పునీటి మడుగు మధ్యలోంచి సన్నటి కాలువలో లోపలికి పోవాలి, రెండు పక్కలా గుంజల మీద నిలబెట్టిన జాలరి ఇళ్లు. ఇంగ్లిష్ కవి బైరన్ 1824లో చనిపోయింది ఈ ఊళ్లోనే, జ్వరంతో. దోమలు నేటికీ ఉన్నాయి. ఆ పైన రియో వంతెన, నఫ్పక్తోస్, గాలక్సీది. గాలక్సీదిలో పడవ కట్టేసి టాక్సీ మాట్లాడుకుంటే గంటలోపు డెల్ఫీ, ప్రాచీన గ్రీకుల పుణ్యక్షేత్రం. తర్వాత కొరింత్ కాలువ, ఆ అవతల ఏజియన్ నీళ్లు.

రియో వంతెన కింద చిన్న పడవకు దారి ఇస్తారా?

ఇస్తారు, కానీ అడగాలి. 2004లో తెరిచిన ఈ వంతెనకు నీళ్లలో నాలుగు పెద్ద స్తంభాలున్నాయి. అయిదు మైళ్ల ముందే రేడియో 14వ ఛానెల్ మీద పిలిచి పడవ పేరు, తెరకొయ్య ఎత్తు చెప్పాలి. ఒక స్తంభం ఎడమకు, మూడు కుడికి ఉంచుకుని వెళ్లు అని చెబుతారు. గొంతు తేలికగానే ఉంటుంది గానీ, ఆ పెద్ద స్తంభాల మధ్యకు వెళ్లేటప్పుడు మన తెరకొయ్య అగ్గిపుల్లలా కనిపిస్తుంది. మధ్యాహ్నం అక్కడ గాలి గరాటులోంచి తోసినట్టు వస్తుంది. పొద్దున్నే దాటేయండి.

రోజుకు ఎంత దూరం పోవచ్చు?

పడవ వేగం 5 నాట్లు అనుకోండి. 25 మైళ్లకు అయిదు గంటలు. కాగితం మీద 50 మైళ్లు కూడా సాధ్యమే అనిపిస్తుంది, అనుకుని అక్కడే దెబ్బతింటారు. మేం పెట్టుకున్న నియమం ఒక్కటే: మధ్యాహ్నం మూడింటికల్లా లంగరు పడాలి.

అప్పటికి గాలి ఇంకా ముదరదు, రేవులో చోటుంటుంది, లంగరు పట్టు దొరక్కపోతే మళ్లీ వేసి చూడటానికి వెలుతురు ఉంటుంది. ఆ రేవు నచ్చకపోతే పక్క ఖాతానికి వెళ్లే వ్యవధీ ఉంటుంది. ఆరు గంటలకు అలసిపోయి, ఎండకు మాడిపోయి, పిల్లలు ఆకలని గోల చేస్తుంటే, అయిదో నంబరు గాలి పక్కనుంచి కొడుతుంటే, రెండు పడవల సందులోకి వెనక్కి దూరాలని చూసేవాడి అవస్థ నేను ఫిస్కార్దో కాఫీ హోటల్లో కూర్చుని రోజూ చూశాను. రెండో రోజు ఆ అవస్థ మాదే అయింది కాబట్టి ఎవర్నీ చూసి నవ్వే అర్హత లేదు.

అందుకని రోజుకు 15 నుంచి 20 మైళ్లు. వారానికొక ఖాళీ రోజు. దారిలో ప్రతి అంగకూ మధ్యలో తలదాచుకునే చోటు ఒకటి ముందే మ్యాపు మీద గుర్తుపెట్టుకోవాలి. అలాంటి చోటు దొరకని అంగ ఉంటే, దానికి గాలి అనుకూలంగా ఉన్న రోజును కేటాయించుకోవాలి.

వాతావరణం ఎలా తెలుసుకోవాలి? తుఫానులు వస్తాయా?

ఫోన్‌లో విండీ లాంటి యాప్ చాలు, కానీ అందులో వాతావరణం అంచనా వేసే ఒక్క మోడల్ చూసి ఊరుకోవద్దు. యూరప్ మోడల్, అమెరికా మోడల్ రెండూ ఒకే మాట చెబితే నమ్మొచ్చు. రెండూ రెండు దార్లలో ఉంటే ఆ రోజు రేవులో కాఫీ తాగండి. గ్రీసు వాతావరణ శాఖ బులెటిన్ రేడియోలో రోజుకు నాలుగుసార్లు వస్తుంది, ముందు 16వ ఛానెల్ మీద ప్రకటిస్తారు. యాప్ చెప్పే గాలి విశాలమైన నీళ్ల మీద సగటు లెక్క. కొండ కొసల దగ్గర, రెండు దీవుల సందుల్లో దానికి మరో నంబరు కలుపుకోవాలి.

తుఫాను మాట అడిగారు కాబట్టి చెబుతాను. మనకు బంగాళాఖాతం తుఫానులు అలవాటు. మధ్యధరాలో వాటికి తమ్ముళ్లు ఉన్నాయి, మెడికేన్ అంటారు. వేసవంతా వేడెక్కిన నీళ్ల మీదికి పైనుంచి చల్లగాలి దిగినప్పుడు పుడతాయి. 2020 సెప్టెంబర్‌లో ఇయానోస్ అనేది సరిగ్గా ఈ దీవుల మీదే విరుచుకుపడింది. కెఫలోనియా, ఇథాకా, జకింథోస్ రేవుల్లో పడవలు మునిగాయి, ఒడ్డెక్కాయి. అలాంటివి తరచూ రావు, వచ్చేముందు రెండు మూడు రోజుల హెచ్చరిక ఉంటుంది. సెప్టెంబర్‌లో వెళ్లేవాళ్లు లిబియా వైపు మ్యాపు కూడా రోజూ ఓసారి చూడటం మంచిది.

ఆగ్నేయం నుంచి వచ్చే సిరోకో ఇంకో రకం. ఆఫ్రికా ఎడారి ధూళి మోసుకొస్తుంది. ఆకాశం పసుపు తిరుగుతుంది, తెల్లారేసరికి పడవ మీద ఎర్రమట్టి పొర. ఉత్తరపు గాలికి చాటుగా ఉండే రేవులు చాలా వరకు దక్షిణం వైపు తెరుచుకుని ఉంటాయి, ఆ రోజు అవి పనికిరావు.

రేవులో పడవ ఎలా ఆపుతారు? కారు పార్కింగ్ లాగేనా?

రివర్స్ పార్కింగ్ లాగే, కాకపోతే నేల కదులుతూ ఉంటుంది, బ్రేకు ఉండదు. గ్రీసులో సాధారణంగా పడవలు గోడకు పక్కగా కట్టరు. వెనక భాగం గోడకు, ముక్కు సముద్రానికి. ముక్కు నుంచి వేసిన లంగరు పడవను ముందుకు పట్టుకుని ఉంచుతుంది, వెనక రెండు మోకులు గోడకు కడతాం.

మా వంతులు ఇవి. చుక్కాని నాది. గొలుసు దగ్గర మా ఆవిడ. వెనక మోకులతో మా బావమరిది, అతని భార్య. గోడకు నాలుగు పడవల దూరంలో ఉండగా లంగరు వదలాలి. గొలుసు మీద ప్రతి పది మీటర్లకు రంగు పూసి ఉంటుంది. మా ఆవిడ "పది... ఇరవై..." అని అరుస్తుంది, నేను మెల్లగా వెనక్కి వస్తుంటాను. నలభై వదిలాక గోడ రెండు గజాల దూరంలో ఉండాలి. గాలి వచ్చే వైపు మోకు ముందు విసరాలి, రెండో వైపుది తర్వాత. తర్వాత ఇంజన్ కాస్త ముందుకు పెట్టి, గొలుసు బిగించి, అది తీగలా నిలిచిందో లేదో చూడాలి. మెత్తగా కిందికి జారుతోందంటే లంగరు పట్టలేదు. మళ్లీ మొదటినుంచి.

పాక్సోస్ దీవిలోని గయోస్ రేవులో మూడోసారి చేస్తుండగా పక్క పడవ పెద్దాయన, జర్మన్ అనుకుంటా, ఏమీ మాట్లాడకుండా లేచొచ్చి మా మోకు అందుకుని గోడ కడియానికి చుట్టి, మళ్లీ వెళ్లి తన పేపర్ చదువుకున్నాడు. ఈ లోకంలో మర్యాద అలా ఉంటుంది. మీరు కట్టేశాక పక్కన వచ్చేవాళ్ల మోకు మీరు అందుకోవాలి.

పొద్దున లంగరు ఎత్తుతుంటే పక్కవాళ్ల గొలుసు మీ లంగరు మీదుగా పైకొస్తుంది. ఇది రోజూ జరిగేదే, ఎవరి తప్పూ కాదు. వాళ్ల గొలుసు కింద ఒక తాడు దూర్చి పడవకు కట్టి, మీ లంగరు కాస్త దించి విడిపించి, తర్వాత తాడు వదిలేయాలి. ఆ తాడు కొన ఒకటి ముందే చేతికందేలా పెట్టుకోండి.

ఊరు లేని ఖాతంలో రాత్రి ఉండొచ్చా?

ఉండొచ్చు, ఉండాలి కూడా. లోతు అయిదు మీటర్లు అయితే గొలుసు కనీసం పాతిక వదలండి, చోటుంటే ఇంకా. లంగరు ఇసుకలో వేయాలి. నీళ్లలో ముదురు మచ్చల్లా కనిపించేది పొసిడోనియా అనే సముద్రపు గడ్డి. చేపలకు అది పురిటిల్లు, చట్టం దాన్ని కాపాడుతుంది. మీ స్వార్థానికి చూసుకున్నా లంగరు అందులో పట్టదు. గడ్డి మీద పడి పట్టినట్టే నటిస్తుంది, రాత్రి రెండింటికి గాలి మారగానే జారిపోతుంది. మాకు మెగనీసి దగ్గర ఇదే జరిగింది. ఫోన్‌లో లంగరు అలారం మోగి లేచేసరికి రాళ్లు పదిహేను గజాల్లో ఉన్నాయి. అప్పటినుంచి లంగరు వేశాక ఒకరు ఈత కళ్లద్దాలు పెట్టుకుని నీళ్లలోకి దిగి, దాని ముల్లు ఇసుకలో దిగబడిందో లేదో చూసి రావడం ఆనవాయితీ చేసుకున్నాం.

కొరింత్ కాలువ గుండా వెళ్లాలంటే?

ముందు అది తెరిచి ఉందో లేదో చూసుకోండి. కొండచరియలు విరిగిపడి 2021 నుంచి కొన్నాళ్లు మూసి, తెరిచి, మళ్లీ మూశారు. మంగళవారాలు మరమ్మతుల కోసం ఆపేసే అలవాటూ ఉంది.

నీరో చక్రవర్తి క్రీస్తుశకం 67లో తవ్వడం మొదలుపెట్టిన ఆలోచన 1893కి పూర్తయింది. పొడవు ఆరు కిలోమీటర్ల పైచిలుకు, వెడల్పు పాతిక మీటర్లు కూడా లేదు. రెండు పక్కలా నిలువుగా కోసిన సున్నపురాయి గోడలు. ఒకేసారి ఒకవైపు మాత్రమే వదులుతారు. 11వ ఛానెల్ మీద పిలిచి, వంతు వచ్చేదాకా బయట తిరుగుతూ ఉండాలి. రెండు చివరలా ఉన్న రోడ్డు వంతెనలు పైకి లేవవు, నీళ్లలో మునుగుతాయి. మనం వాటి మీదుగా పోతాం. తిరిగి తేలినప్పుడు వంతెన మీద చేపలు కొట్టుకుంటూ ఉంటే ఊరి పిల్లలు ఏరుకుంటారని విన్నాం, మాకైతే కనబడలేదు.

డబ్బు తూర్పు చివర ఇస్త్మియాలో కట్టాలి. ఆ అరగంటకు తీసుకునే రుసుము చూసి మా బావమరిది "బంగారం పోసిన నీళ్లా ఇవి?" అన్నాడు. కాకపోతే గ్రీసు దక్షిణ భాగమైన పెలొపొనీస్ చుట్టూ తిరిగి రావడానికి పట్టే వారం, డీజిలు లెక్కేస్తే నోరు మూసుకుని కట్టడమే మేలు.

మేం శాకాహారులం. తిండి ఎలా?

గ్రీసులో ఈ సమస్య అనుకున్నంత లేదు. అక్కడి చర్చి ఉపవాసాల్లో మాంసం, పాలు, గుడ్లు మానేస్తారు. అందుకని ఆ తిండికి వంటల సంప్రదాయమే ఉంది. హోటల్లో "నిస్టీసిమో" ఏముందని అడగండి. హోర్తా అంటే ఉడికించి నిమ్మరసం, నూనె వేసిన ఆకుకూర. గిగాంతెస్ అంటే టమాటాలో ఉడికిన పెద్ద చిక్కుడు గింజలు. ఫావా అంటే పసుపు బద్దలు మెత్తగా ఉడికించినది, పైన పచ్చి ఉల్లిపాయ. మొదటి ముద్ద తినగానే మా బావమరిది భార్య "ఇది పోపు మర్చిపోయిన ముద్దపప్పు" అంది.

మర్నాడే ఆ బద్దలు కిలో కొని, పడవలో కుక్కర్ పెట్టాం. పడవ పొయ్యి ఊయల మీద వేలాడుతూ ఉంటుంది, పడవ ఒరిగినా అది సమంగానే నిలుస్తుంది. గిన్నెలు జారకుండా కమ్ములు బిగిస్తారు. అయినా నడుస్తున్నప్పుడు పోపు పెట్టే సాహసం చేయొద్దు. వేడి నూనె, అల, ఆవాలు మూడూ కలిస్తే ఒళ్లు కాలేది మీకే. వంట లంగరు పడ్డాకే.

ఊరినుంచి ఆవకాయ, కారప్పొడులు, ఎండు చింతపండు తెచ్చుకోవచ్చు. నెయ్యి, పాలపొడి మాత్రం యూరప్ బయటనుంచి తేనివ్వరు. పెరుగుకు అక్కడ లోటు లేదు, గడ్డపెరుగు చెంచా నిలబడేలా ఉంటుంది.

నీళ్లు, కరెంటు, టాయిలెట్?

మా పడవ ట్యాంకులో 300 లీటర్లు. నలుగురికి జాగ్రత్తగా వాడితే నాలుగు రోజులు. అంట్లు సముద్రపు నీళ్లతో తోమి, మంచినీళ్లతో ఒక్కసారి తొలవాలి. తాగే నీళ్లు సీసాలు కొనుక్కోండి. కరెంటు రేవులో 230 వోల్టులు, సముద్రంలో బ్యాటరీ. బ్యాటరీ మీద అన్నిటికంటే బరువు ఫ్రిజ్.

టాయిలెట్‌లో మీ కడుపులోంచి వచ్చింది తప్ప ఇంకేమీ వేయకూడదు, పేపర్ కూడా. ఈ నియమం తప్పిన వాళ్లే దాన్ని విప్పి బాగుచేయాలని మొదటి రోజే తీర్మానించండి. తర్వాత ఎవరూ తప్పరు.

ఈత రానివాళ్లు, పిల్లలు రావచ్చా?

రావచ్చు. డెక్ మీద ఉన్నంతసేపూ లైఫ్ జాకెట్ విప్పకూడదు, బేరం లేదు. పిల్లల సైజు జాకెట్లు కావాలని ముందే చెప్పండి. నీళ్లలోకి దూకే ముందు నిచ్చెన దించారో లేదో చూడటం పెద్దవాళ్లే మర్చిపోతారు. నిచ్చెన లేకుండా పడవ ఎక్కడం ఎవరి వల్లా కాదు.

కడుపులో తిప్పితే?

మొదటి రెండు రోజులు చాలామందికి తిప్పుతుంది. మాత్ర బయల్దేరాక కాదు, ముందే వేసుకోవాలి. అది నిద్ర తెప్పిస్తుంది కాబట్టి చుక్కాని పట్టేవాళ్లు డాక్టర్ని అడిగి వేసుకోవాలి. కింద గదిలో కూర్చుని ఫోన్ చూడకండి. పైకి వచ్చి ఆకాశం, నీళ్లు కలిసే గీత వైపు చూడండి. అల్లం నమలండి. అన్నిటికంటే పనిచేసే మందు, చుక్కాని వాళ్ల చేతికివ్వడం.

అద్దె పడవ తీసుకునేటప్పుడు ఏం చూసుకోవాలి?

అద్దెలు శనివారం నుంచి శనివారం దాకా. అప్పగించే మనిషి హడావుడిలో ఉంటాడు, సాయంత్రంలోపు ఇంకో అయిదు పడవలు ఇవ్వాలి. మీరు తొందరపడకండి. తెరచాపలు పూర్తిగా విప్పించి చూడండి. లంగరు గొలుసు మొత్తం బయటికి తీయించి మీటర్లు లెక్కపెట్టండి. ఇంజన్ వేసి, పొగగొట్టంలోంచి నీళ్లు ఉమ్ముతోందో లేదో చూడండి. డింగీ (ఒడ్డుకు వెళ్లడానికి వాడే చిన్న పడవ) మోటారు మీ కళ్ల ముందు స్టార్ట్ కావాలి. పడవ చుట్టూ, వీలైతే నీటి కింద కూడా, వీడియో తీసుకోండి.

ఈ చివరిది మాకు డబ్బు పోయాక తెలిసింది. మొదటిసారి మేం అద్దెకు తీసుకున్న ఒక కంపెనీ, మేం పడవ తిరిగి అప్పగించిన రోజు, వెనక మూల ఉన్న పాత గీత చూపించి డిపాజిట్‌లో కొంత కోసేసింది. అది ముందే ఉందని మాకు తెలుసు, చూపించడానికి ఫొటో లేదు. అప్పటినుంచి మా బావమరిది సినిమా డైరెక్టర్‌లా గంటసేపు తీస్తాడు. డిపాజిట్‌కు విడిగా బీమా దొరుకుతుంది, తీసుకోండి.

మొత్తం ఖర్చు?

అంకె చెప్పను, ఎందుకంటే ఒకే పడవకు మే నెలలోనూ ఆగస్టులోనూ అద్దె రెట్టింపు తేడా ఉండొచ్చు. లెక్కలో మర్చిపోయేవి చెబుతాను: ఒకచోట తీసుకుని వేరేచోట అప్పగిస్తే వేసే రుసుము, చివర శుభ్రం చేసే డబ్బు, డీజిలు, కొరింత్ కాలువ, వీసా ఫీజు మనిషికి 90 యూరోలు. గ్రీసు ఊరి రేవుల్లో రాత్రికి కట్టేది తక్కువే, మెరీనాల్లో ఎక్కువ. నలుగురు పంచుకుంటే మంచి హోటల్లో ఉన్నంత అవుతుంది. ఇద్దరే అయితే ఖరీదైన సరదా.

ప్రమాదం వస్తే ఎవర్ని పిలవాలి?

రేడియో 16వ ఛానెల్. ప్రాణాపాయం అయితే మేడే, సాయం కావాలి గానీ ప్రాణాపాయం లేకపోతే పాన్-పాన్. ఫోన్ అందితే గ్రీసు కోస్ట్‌గార్డ్ 108, యూరప్ అంతటా 112. మనకు 108 అంటే అంబులెన్సు కాబట్టి గుర్తుపెట్టుకోవడం సులువు. రేడియో మీద ఎర్ర మూత కింద ఉన్న బటన్ నొక్కితే మీరున్న చోటు దానంతటదే వెళ్తుంది. పిలిచేటప్పుడు ఏం మాట్లాడాలో కాగితం మీద రాసి రేడియో పక్కన అంటించండి. మీరు నీళ్లలో పడితే పిలవాల్సింది మిగిలినవాళ్లు. అందుకని వాళ్లందరికీ అది చదవడం రావాలి.

తిరుగు విమానం ఎప్పటికి బుక్ చేసుకోవాలి?

పడవ అప్పగించే రోజుకు కనీసం ఒక రోజు తర్వాత. చివరి మూడు రోజులూ దగ్గరి రేవులకే ప్లాను వేసుకోండి. ఈ సముద్రంలో కొత్తవాళ్లు ఇబ్బందిపడేది ఎక్కువగా ఆఖరి రోజునే. గాలి 7 ఉన్నా, రేపు సాయంత్రం ఫ్లైట్ ఉంది కదా అని బయల్దేరతారు. మాకు ఏజినాలో రెండు రోజులు ఉత్తరపు గాలి ఆపేసింది. ఎదురుగా ఏథెన్స్ రేవు పిరేయస్ దీపాలు కనిపిస్తూనే ఉన్నాయి. ఏజినా పిస్తాకు ప్రసిద్ధి. రెండు కిలోలు కొని, డెక్ మీద కూర్చుని ఒలుచుకు తింటూ, మూడో రోజు పొద్దున అయిదింటికి గాలి పడిపోయాక మోకులు విప్పాం.